అభయారణ్యం చెరువు, గుత్త చేపలు: ముందు ఏ కాగితం చూడాలి?

నర్సంపేట వైపు నుంచి ఒక మత్స్యకార సొసైటీ కార్యదర్శి అడిగిన ప్రశ్న ఇది. ఆయన మాటల్లోనే క్లుప్తంగా చెప్తాను: "మా చెరువు పాకాల అభయారణ్యం హద్దులో ఉంది. లీజు డబ్బు ఏటా కడుతున్నాం, రసీదులు ఉన్నాయి. పోయిన నెల ఫారెస్టు వాళ్లు రాత్రిపూట వచ్చి వలలు, రెండు తెప్పలు, ఒక టాటా ఏస్ పట్టుకుపోయారు. శాంక్చురీలో కమర్షియల్ ఫిషింగ్ నేరం అంటున్నారు. సముద్రంలో ఉన్న అభయారణ్యాల్లో కూడా స్థానిక మత్స్యకారుల వృత్తికి చట్టం రక్షణ ఇచ్చిందని చదివాను. మరి మా చెరువుకు ఎందుకు లేదు? ఇప్పుడు మేం ఏం చేయాలి? ఇంకొకటి, మా బావమరిది కాకినాడలో బోటులో వాటా కొంటానంటున్నాడు. అక్కడ కూడా ఇదే గొడవ ఉంటుందా?" చివర్లో, అదేదో చిన్న సంగతి అన్నట్టు, ఇంకో మాట రాశారు: "ఈ ఏడాది చేప ఒక వ్యాపారికి గుత్తకు ఇచ్చాం. అతను అడ్వాన్సు వెనక్కి ఇమ్మని కూర్చున్నాడు."

తమ్ముడూ, నేను మత్స్యశాఖలో 30 ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన వాణ్ని. వరంగల్, ములుగు, మంచిర్యాల వైపు చెరువుల గట్ల మీదే సర్వీసంతా గడిచింది. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు చివర్లో రాసిన ఆ గుత్త మాటే మీ కేసుకు మొదటి మాట. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు చెరువు సంగతి చూద్దాం.

అన్నిటికంటే ముందు, మీ చెరువు నిజంగా అభయారణ్యంలో ఉందా? నవ్వకండి. "హద్దులో ఉంది" అని మీరు రాశారు. హద్దులో ఉండటం వేరు, హద్దు లోపల ఉండటం వేరు. కట్ట రెవెన్యూ గ్రామంలో ఉండి, నీళ్ల వెనక భాగం అడవిలోకి పోయే చెరువులు మన దగ్గర చాలా ఉన్నాయి. కట్ట మీద నిలబడి చూస్తే మొత్తం ఒకటే చెరువు. కాగితం మీద మాత్రం సగం రెవెన్యూది, సగం ఫారెస్టుది.

ఈ తప్పు నేనే చేశాను కాబట్టి చెప్తున్నా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెరువుకు లీజు ప్రతిపాదన నా చేతుల మీదుగా పోయింది. నిండు చెరువు చూసి, శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, విస్తీర్ణం రెవెన్యూ రికార్డులో నుంచి రాసుకుని, ఫైలు పైకి పంపాను. ఆ ఏడు మే నెలలో నీళ్లు తగ్గాయి. తుమ్మ చెట్ల మధ్యలో, పాచి పట్టి, పైన సున్నం మరక మిగిలిన ఒక రాయి తల బయటపడింది. అడవి హద్దు రాయి. మా లీజు నీళ్లలో మూడో వంతు ఆ రాయికి అవతల ఉంది. సొసైటీ వాళ్లు అప్పటికే అక్కడ వలలు కట్టి ఉన్నారు. కేసు వాళ్ల మీద పడింది, నా మీద కాదు. వాళ్లలో ఒక పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటేనే బాగుండేది.

అందుకే చెప్తున్నా, మొదట జాయింట్ సర్వే అడగండి. రెవెన్యూ, ఫారెస్టు, ఇరిగేషన్, మత్స్యశాఖ కలిసి ఎఫ్.టి.ఎల్. (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) గుర్తులు, అభయారణ్యం హద్దు ఒకే నక్షా మీద పెట్టాలి. దీనికి కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. ఎకో సెన్సిటివ్ జోన్ అని ఇంకోటి ఉంటుంది, అది అభయారణ్యం చుట్టూ ఉండే పట్టీ. అందులో ఉన్న చెరువుకు అభయారణ్యం లోపలి నిషేధాలన్నీ వర్తించవు. మీ చెరువు ఆ పట్టీలో ఉందని తేలితే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

లోపలే ఉందని తేలిందనుకుందాం. అప్పుడు మీ లీజు కాగితం విలువ ఎంత? కఠినంగా చెప్పాలంటే, ఒక్క ఆ కాగితంతో మీరు నీళ్లలో దిగలేరు. మత్స్యశాఖ లీజు చేపల మీద. అభయారణ్యంలో నీటి మీద, నేల మీద, అందులోని జీవుల మీద పెత్తనం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానిది. ఒక శాఖ ఇచ్చిన లీజు ఇంకో చట్టంలోని నిషేధాన్ని ఎత్తేయలేదు. మన జిల్లాల్లో డి.ఎఫ్.ఓ. అంటే ఇద్దరు ఉంటారని మీకు తెలుసు కదా, ఒకరు చేపల డి.ఎఫ్.ఓ., ఒకరు అడవి డి.ఎఫ్.ఓ. "డి.ఎఫ్.ఓ. పర్మిషన్ ఉంది సార్" అని మనవాళ్లు బీట్ ఆఫీసర్‌కు చేపల డి.ఎఫ్.ఓ. సంతకం చూపించడం నేను ఎన్నిసార్లు చూశానో. నిజానికి అభయారణ్యంలో అనుమతి ఆ ఇద్దరి చేతిలోనూ లేదు. అది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ చేతిలో ఉంటుంది, అంటే హైదరాబాద్‌లో.

చట్టంలో మీకు అడ్డుపడేది 29వ సెక్షన్. అభయారణ్యంలో వన్యప్రాణులను, అటవీ ఉత్పత్తులను నాశనం చేయడం, వాడుకోవడం, తీసుకుపోవడం, వాటి ఆవాసాన్ని పాడు చేయడం, నీటి ప్రవాహాన్ని మళ్లించడం చేయకూడదు. చీఫ్ వార్డెన్ పర్మిట్ ఉంటే చేయొచ్చు. ఆ పర్మిట్ కూడా వన్యప్రాణుల బాగు కోసం, అభయారణ్యం నిర్వహణ కోసం అవసరమని, వన్యప్రాణి బోర్డును సంప్రదించి ప్రభుత్వం నమ్మితేనే ఇవ్వాలి. మీ సొసైటీ లాభం కోసం పర్మిట్ ఇవ్వడానికి ఆ సెక్షన్‌లో దారి లేదు. అటవీ ఉత్పత్తి తీసుకున్నా చుట్టుపక్కల జనం సొంత అవసరాలకే వాడుకోవాలి, వ్యాపారానికి కాదు అని కూడా అందులోనే ఉంది. ఫారెస్టు వాళ్లు "కమర్షియల్" అన్న మాట పట్టుకునేది అక్కడి నుంచే. దానికి తోడు ఆ నేల రిజర్వు ఫారెస్టు కూడా అయితే, 1967 అటవీ చట్టంలోనూ చేపలు పట్టడం నిషేధించిన పనుల్లో ఉంది.

మరి పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలం నాటిది, 13వ శతాబ్దం. అభయారణ్యం ప్రకటించింది 1952లో. 700 ఏళ్లు ముందున్న చెరువులో తాతల నాటి నుంచి వల వేస్తున్నవాళ్లు ఒక్క రోజులో దొంగలైపోయారా అని మీ ఊళ్లో పెద్దమనిషి ఎవరో తప్పకుండా అడిగి ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. చట్టం చేసినవాళ్లకూ ఆ ప్రశ్న వచ్చింది, అందుకే కొన్ని తలుపులు తెరిచి పెట్టారు. మన దగ్గర ఎవరూ ఆ తలుపు దగ్గరికి పోరు. నేరుగా ఎమ్మెల్యే దగ్గరికి పోతారు.

మొదటి తలుపు హక్కుల విచారణ. అభయారణ్యం ఏర్పాటు చేసేటప్పుడు కలెక్టర్ స్థానికుల హక్కులను విచారించాలి. ప్రకటన ఇచ్చి, రెండు నెలల్లో క్లెయిములు తీసుకుని, ఒక్కో హక్కును రద్దు చేయాలా, కొనసాగించాలా తేల్చాలి. 24వ సెక్షన్‌లో రెండో సబ్ సెక్షన్ కింద, చీఫ్ వార్డెన్‌ను సంప్రదించి, ఒక హక్కును అలాగే కొనసాగనివ్వొచ్చు. అలా కొనసాగనిచ్చిన హక్కును వాడుకోవడం 29వ సెక్షన్ ఉల్లంఘన కాదని 2022 సవరణలో స్పష్టంగా రాశారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే మీ ఊరి చేపల హక్కు ఆ విచారణలో ఎక్కిందా, ఎక్కలేదా అన్న ఒక్క సంగతి మీద మీ కేసు చాలావరకు నిలబడుతుంది. పాత అభయారణ్యాలు 1972 చట్టానికి ముందే ప్రకటించినవి. ఆ చట్టం వాటిని కూడా తన కింద ప్రకటించినట్టే లెక్క వేసుకుంది. కాబట్టి పాత నోటిఫికేషన్, తర్వాతి నోటిఫికేషన్లు, కలెక్టర్ ప్రొసీడింగ్స్, అన్నీ కావాలని సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు పెట్టండి, ఒకటి కలెక్టరేట్‌కు, ఒకటి అడవి డి.ఎఫ్.ఓ. ఆఫీసుకు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు చేయండి. "సమాచారం లేదు" అని రాసిచ్చినా ఆ కాగితం పారేయకండి. హక్కుల విచారణ రికార్డు తమ దగ్గర లేదని ప్రభుత్వమే ఒప్పుకున్న కాగితం అది, రేపు వకీలుకు అదే పనికొస్తుంది.

రెండో తలుపు ఇంకా పెద్దది. 2006 అటవీ హక్కుల చట్టం. మనవాళ్లు దాన్ని పోడు పట్టాల చట్టమనే అనుకుంటారు. అందులో 3వ సెక్షన్‌లో సామూహిక హక్కుల కింద "చేపలు, ఇతర నీటి వనరుల ఉత్పత్తులు" అని చేపల పేరు పెట్టి మరీ రాశారు. ఆ చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా వస్తాయి. ఇక ఫారెస్టు వాళ్లతో మీ అసలు గొడవైన "కమర్షియల్" అన్న మాటకు జవాబు కూడా అక్కడే ఉంది. జీవనోపాధి అవసరం అంటే ఏమిటో ఆ చట్టం రూల్స్‌లో చెప్తూ, హక్కు వాడుకోగా మిగిలిన ఉత్పత్తిని అమ్ముకోవడం కూడా అందులో భాగమే అన్నారు. అంటే సభ్యుడు పొద్దున పట్టిన రవ్వ, బొచ్చ చేపల్లో ఇంటికి ఒకటి ఉంచుకుని, మిగతావి నర్సంపేట అంగట్లో అమ్ముకుంటే అది జీవనోపాధి. అమ్మినంత మాత్రాన అది నేరపు వ్యాపారం అయిపోదు.

కానీ ఆ హక్కు సొసైటీకి రాదు. ఇది చాలామందికి మింగుడు పడదు. క్లెయిము చేయాల్సింది గ్రామసభ. సొసైటీ సహకార చట్టం కింద నిన్నమొన్న రిజిస్టరైన సంస్థ, అడవి మీద తాతల నాటి హక్కు దానికి ఎలా వస్తుంది? గిరిజనులు అయితే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి మీద ఆధారపడి బతుకుతున్నట్టు చూపాలి. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త ఇలా గిరిజనేతరులైతే అదే తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపాలి. లెక్క వేస్తే 1930 దాకా వెనక్కి పోవాలి, నిజాం రోజులకు. అడవి లోపలే ఇల్లు ఉండాలని లేదు, అంచు ఊళ్లో ఉండి అడవి మీద బతికేవాళ్లు కూడా అర్హులేనని కేంద్ర గిరిజన శాఖ వివరణ ఇచ్చింది.

ఎక్కడ దొరుకుతాయి 1930 నాటి కాగితాలు అని మీరు అడుగుతారు. అన్నీ కాగితాలే కానక్కర్లేదు. క్లెయిము పెట్టినవాళ్లు కాకుండా ఊళ్లోని వేరే ముసలివాళ్లు చెప్పిన మాటను రాసి పెట్టినా అది సాక్ష్యమే. సంప్రదాయంగా చేపలు పట్టే చోట్లను కూడా సామూహిక హక్కుకు ఆధారంగా రూల్స్‌లోనే పేర్కొన్నారు. మీ చెరువులో ఒక్కో మడుగుకు, ఒక్కో రేవుకు పేరుంటుంది కదా, ఆ పేర్లు రాయండి. నిజాం నాటి సేత్వార్ (పాత భూమి రికార్డు), పాత పహాణీలు తహశీల్ ఆఫీసులో వెతికించండి. గంగమ్మకు బోనం ఎక్కడ పెడతారో, ఏ కులం ముందు వల దించుతుందో, చెరువు ఎండిన ఏడు ఏం చేశారో రాయండి. సామూహిక హక్కుల క్లెయిముకు ఉండే ఫారం-బి నింపి గ్రామసభలో తీర్మానం చేయించి, అటవీ హక్కుల కమిటీ ద్వారా ఆర్డీఓ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ కమిటీకి పంపాలి. కొత్తగూడ, గంగారం వైపు ఏజెన్సీ ఊళ్లు అయితే పెసా, అంటే ఏజెన్సీ ప్రాంతాల పంచాయతీల చట్టం కూడా తోడవుతుంది. 1996 నాటి ఆ చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకే అప్పగించమని చెప్పింది. అక్కడ గిరిజనేతర సొసైటీ కింద వల వేస్తామంటే వేరే తగాదా మొదలవుతుంది, దాని జోలికి ఇప్పుడు పోను.

ఇక గుత్త. పైన చెప్పినదంతా ఒక్క మనిషి కోసం రాసిన చట్టం. నీళ్లలో దిగి, తెప్ప మీద కూర్చుని, తన చేత్తో వల విసిరే మనిషి. మీరు చెరువు మొత్తాన్ని ఒక వ్యాపారికి లంప్‌సమ్‌కు ఇచ్చేశారు. సభ్యులు ఇప్పుడు సొంత చెరువులో అతనికి కిలోకు ఇంత అని కూలికి పడుతున్నారు. టాటా ఏస్ అతనిదే కదా? దాంట్లో ఐస్ డబ్బాలు ఉన్నాయి కదా? పంచనామాలో అవి రాసి ఉంటే, రేపు కోర్టులో మీ వకీలు "ఇది జీవనోపాధి" అని నోరు తెరిచేలోపే అవతలి వకీలు ఆ డబ్బాల లెక్క చదువుతాడు. పైగా సబ్ లీజు ఇవ్వకూడదన్నది సొసైటీ లీజు షరతుల్లోనే ఉంటుంది. మీ కాగితం తీసి చదవండి, సాధారణంగా రెండో పేజీలో ఉంటుంది. అంటే మత్స్యశాఖ దగ్గర కూడా మీరు తప్పులోనే ఉన్నారు. ఇది మీ ఒక్కరి జబ్బు కాదు, నేను చూసిన చాలా సొసైటీల్లో ఇదే తంతు. పిల్ల చేపలు ప్రభుత్వానివి, చెరువు ఊరిది, కష్టం సభ్యులది, చేప మాత్రం గుత్తేదారుది.

సముద్రం సంగతికి వస్తా. మీరు చదివింది అబద్ధం కాదు, సగం చదివారు. వన్యప్రాణి చట్టంలో 26ఏ సెక్షన్ కింద ప్రాదేశిక జలాలను, అంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు సముద్రాన్ని, అభయారణ్యంలో కలపాలంటే కేంద్రం అనుమతి ముందే కావాలి. ఎక్కడిదాకా కలపాలన్నది సముద్ర పటాలు తయారుచేసే నౌకాదళం చీఫ్ హైడ్రోగ్రాఫర్‌ను సంప్రదించి, స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకున్నాకే తేల్చాలి. మీరు రక్షణ అనుకున్నది ఈ ముక్కనే. అది గీత గీసేటప్పుడు ప్రభుత్వం పాటించాల్సిన నియమం. గీత గీశాక లోపల వల వేయడానికి ఇచ్చిన లైసెన్సు కాదు. మామూలుగా దాటి వెళ్లే బోట్లకు మాత్రం దారి ఆపకూడదని అందులో ఉంది. అంటే సముద్రంలో అభయారణ్యం మీదుగా బోటు పోవచ్చు, వల దించకూడదు.

ఒడిశాలోని గహీర్‌మథా చూడండి. 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు, దాదాపు 1,435 చదరపు కిలోమీటర్లు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడికి గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఆ తీరంలో 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం పెడతారు, ఆ ఏడు నెలలూ మత్స్యకారులకూ పెట్రోలింగ్ బోట్లకూ తగాదాలే. తమిళనాడులో మన్నార్ సింధుశాఖ నేషనల్ పార్కు 1986 నాటిది, 21 దీవులు. అక్కడ నియమం ఇంకా గట్టిది, ఎందుకంటే నేషనల్ పార్కులో హక్కులు ఉంచరు, తీసేస్తారు. కాబట్టి సముద్రంలో వాళ్లకేదో ఎక్కువ దక్కిందని మీరు కుళ్లుకోనక్కర్లేదు.

మీ బావమరిదికి ఇంతే చెప్పండి. కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యం ఉంది, 1978 నుంచి, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు, ఎక్కువభాగం మడ అడవులు, పాయలు. ఆ పాయల్లో వేటాడే బోటులో వాటా కొంటే మీకున్న తలనొప్పే ఆయనకూ వస్తుంది. బయట సముద్రంలో వేటాడే మరబోటైతే నియమాలు వేరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రెండు నెలలు బోటు గట్టుకే ఉంటుంది, అప్పు వడ్డీ మాత్రం ఆగదు. తీరానికి దగ్గరి నీళ్లు సంప్రదాయ పడవలకు వదలాలి, ఆంధ్రలో మరబోట్లు 8 కిలోమీటర్ల అవతలే వేయాలి. బోటు రిజిస్ట్రేషన్ వేరు, చేపల వేట లైసెన్సు వేరు. రెండూ ఎవరి పేరు మీద ఉన్నాయో చూశాకే డబ్బు చేతిలో పెట్టమనండి. వాటా అని నోటిమాట మీద ఇచ్చి పోగొట్టుకున్న మనవాళ్లను ఇద్దరిని ఎరుగుదును.

మళ్లీ మన చెరువుకు వద్దాం. ఒక సంగతి ఫారెస్టు వాళ్ల వైపు నుంచి కూడా చూడాలి, ఎందుకంటే రేపు వాళ్లతోనే కూర్చుని మాట్లాడాలి. వాళ్లకు నచ్చనిది చేప పట్టడం కంటే రాత్రంతా వదిలేసే వల. ఒకసారి ములుగు వైపు ఒక చెరువులో తెల్లవారుజామున సభ్యులతో పాటు తెప్ప ఎక్కాను. థర్మాకోల్ బెండ్లు ఒకచోట నీళ్లలోకి కుంగి ఉన్నాయి. పెద్ద బొచ్చ పడిందని కుర్రాడు సంబరంగా లాగాడు. పైకి వచ్చింది తాబేలు. నైలాన్ దారం మెడ చుట్టూ, ముందుకాళ్ల చుట్టూ ముడులు పడి, చర్మం కోసుకుపోయి ఉంది. చచ్చిపోయింది. తాబేలు నీళ్లలో ఉన్నా పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి కదా, వలలో చిక్కితే రాలేదు. చిప్ప కింద అంచుల్లో తలుపుల్లా మూసుకునే ఆ మెత్తటి తాబేలు చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పులి ఉన్న జాబితాలోనే ఉంది. కుర్రాడికి ఆ సంగతి తెలియదు. తెలిసిన పెద్దాయన మాత్రం నా వైపు ఒకసారి చూసి, వల కోసి దాన్ని నీళ్లలోకి జారవిడిచాడు. మీ మీద కేసు పెట్టిన రాత్రి వలలో అలాంటిది ఏమైనా ఉందా? ఉంటే కేసు రూపమే మారిపోతుంది, దాచకుండా మీ వకీలుకు చెప్పండి.

మంచిర్యాల వైపు గోదావరి ఒడ్డున శివ్వారం మొసళ్ల అభయారణ్యంలో, ఎల్ మడుగు చుట్టుపక్కల అయితే ఈ చర్చే లేదు, అక్కడ వల వేయొద్దనే చెప్తాను. మొసలి వలలో చిక్కినా చస్తుంది, చిక్కకపోతే మీకు ప్రమాదం. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయ్యింది, అక్కడ కోర్‌లో, అంటే నడిమి అడవిలో ఒక లెక్క, దాని చుట్టూ ఉండే బఫర్‌లో ఒక లెక్క.

తోటాలు, మందు కలపడం లాంటివి మీ దగ్గర లేవనే అనుకుంటున్నా. అభయారణ్యంలో పేలుడు పదార్థాలు, రసాయనాలు వాడితే 32వ సెక్షన్, దానికి ఏ హక్కూ అడ్డం రాదు. అలివి వలలు కూడా ఎత్తి పెట్టేయండి, వేలెడు చేపను కూడా వదలని ఆ వల ఎవరికీ మేలు చేయదు. పిల్ల చేపల సంగతి కూడా ఒకటుంది. ఏటా మనకు వచ్చే ఉచిత చేపపిల్లల్లో బంగారు తీగ ఉంటుంది. అది ఈ దేశపు చేప కాదు, అడుగు బురద తవ్వుతుంది. అభయారణ్యం చెరువులో దాన్ని వదిలితే ఆవాసం పాడు చేశారని ఫారెస్టు వాళ్లు అంటే వాదించడం కష్టం. అక్కడ బొచ్చ, రవ్వ, మన కొర్రమీను చాలు.

ఇక కేసు. ముందు పీ.ఓ.ఆర్. (ఫారెస్టు వాళ్లు రాసే ప్రాథమిక నేర నివేదిక) కాపీ తీసుకోండి, ఏ సెక్షన్లు పెట్టారో చూడండి. సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. షెడ్యూల్ ఒకటి జంతువు కేసు అయితే మూడేళ్లకు తగ్గదు. అసిస్టెంట్ కన్జర్వేటర్ హోదాకు తగ్గని అధికారి మీ ముందు రాసుకునే వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. పోలీసు స్టేషన్‌లో ఇచ్చే స్టేట్‌మెంట్‌లా కాదు. కాబట్టి "అందరూ పెట్టారు, మీరూ పెట్టండి" అంటే సంతకం పెట్టొద్దు. ఒక్కో సభ్యుడు చదివి, చదువు రాని వాళ్లకు చదివి వినిపించాక, తప్పుంటే దిద్దించాకే పెట్టాలి. డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి 54వ సెక్షన్‌లో ఉంది. విసురువలతో దొరికిన పేద సభ్యులకు అది నయమే. కానీ గ్రామసభ హక్కు కోసం పోరాడదామనుకుంటే, ఆ రాజీ కాగితంలో ఏం రాస్తున్నారో వకీలుకు చూపించకుండా కట్టొద్దు.

వలలు, తెప్పలు తిరిగి వస్తాయా అంటే, వచ్చే అవకాశం ఉంది. స్వాధీనం చేసుకున్న వస్తువు ప్రభుత్వ ఆస్తి అవుతుందని చట్టంలో ఉన్నా, నేరం రుజువు కాకముందే అది ప్రభుత్వానిది అయిపోదని, ఈలోపు విడుదల చేసే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉందని సుప్రీంకోర్టు 2008లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక వాహనం కేసులో చెప్పింది. మధ్యంతర కస్టడీ పిటిషన్ వేయించండి. నైలాన్ వల ఎండలో ఆరునెలలు పడి ఉంటే చేతికొచ్చేసరికి పీచుపీచుగా తెగుతుంది, ఆలస్యం చేయొద్దు. టాటా ఏస్ కోసం మాత్రం మీరు పిటిషన్ వేయకండి. అది ఎవరిదో వాళ్లే వేసుకోవాలి. దాని తరఫున సొసైటీ సంతకం పెట్టిందంటే గుత్తను మీరే ఒప్పుకున్నట్టు.

ఈ వారంలోనే సర్వసభ్య సమావేశం పెట్టండి. గుత్త రద్దు చేస్తూ తీర్మానం రాయండి, మినిట్స్ బుక్కులో, సభ్యులందరి సంతకాలతో, వేలిముద్రలతో. పాత తేదీ వేద్దామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి, ఉన్న తేదీయే వేయండి. వ్యాపారి అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి. ఖర్చయిపోయి ఉంటుందని తెలుసు, వాయిదాలుగా అయినా రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇందులో కొంత డబ్బు ఎవరి జేబులోకి పోయిందన్న లెక్క కూడా ఆ సమావేశంలోనే లేస్తుంది, లేవనివ్వండి. హక్కు తేలేదాకా అభయారణ్యం హద్దు లోపలి నీళ్లలో ఎవరూ దిగొద్దని కూడా అదే తీర్మానంలో రాయండి. సభ్యులు తిడతారు. జూలై, ఆగస్టు గుడ్లు పెట్టే నెలలు ఎలాగూ వేట ఆపాల్సినవే, ఆ రెండు నెలల్లో ఆర్.టి.ఐ. జవాబులు, జాయింట్ సర్వే, గ్రామసభ తీర్మానం అయ్యేలా పరుగెత్తండి.

పీ.ఓ.ఆర్. కాపీ, లీజు కాగితం రెండో పేజీ చేతికొచ్చాక వాటిలో ఏముందో మళ్లీ రాయండి. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం కొట్టేసి పెట్టండి. సెక్షన్లు చూస్తే మిగతాది చెప్పగలను.